సగం తరగతికి ఎడమ చెయ్యి

మంగళవారం పొద్దున గడ్‌చాందూర్‌లో సిమెంటు ప్లాంటు ముందు బస్సు దిగుతుంటే ఫోను మోగింది. కాలేజీ వర్క్‌షాప్ అటెండరు.

"సార్ పోయిండు రా. పొద్దుగాల చాయ్ తాగుకుంట తాగుకుంటనే పోయిండు."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కొంత ఆయన మీద, ఎక్కువ నా మీద. ఆయన నన్ను అడిగింది ఒకే ఒక్క పని. రేపు, ఎల్లుండి అంటూ రెండేళ్లు తప్పించుకున్నాను.

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీలో సార్ ఫిట్టింగ్ నేర్పేవారు. కాలేజీ పెట్టిన కొత్తలో రేకుల షెడ్లే ఉండేవట. మొదటి బ్యాచ్ పిల్లలే టేకు చెక్కలు మోసుకొచ్చి వర్క్‌షాప్ బల్లలు చేసుకున్నారట. "పుస్తకం తెరువక ముందుగాల బల్ల చేసుకున్నరు రా," అని చెప్పిందే చెప్పేవారు. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చేవారు. ఆయన్ని రమ్మన్నవాళ్లు లేరు, పొమ్మనే ధైర్యం ఎవరికీ లేదు. గేటు మీద నిజాయితీ, నైపుణ్యం, సేవ అని ఈమధ్య పెద్ద పెద్ద అక్షరాలు పెట్టించారు. దాని కింద నుంచి పోయినప్పుడల్లా సార్ తల ఎత్తి చూసి, "మంచిగ రాసిండ్రు. ఇగ చేసుడే ఉన్నది," అనేవారు.

మొదటి ఏడాది ప్రతి విద్యార్థీ ఒక ఇనుప ముక్కను ఆకురాయితో రాకి నలుచదరం చేయాలి. సార్ దానికి మూలమట్టం ఆనించి కిటికీ వైపు పట్టి చూస్తారు. సందులోంచి వెలుతురు కనిపించిందా, మళ్లీ రాకాలి. సరిపోతే మూలన తన పంచ్‌తో ఒక చుక్క కొడతారు. అరచేతులు బొబ్బలెక్కే పని. అందుకని పిల్లలు ఎదురుగా ఉన్న లేత్ షాపుకొచ్చి చేయించుకునేవాళ్లు. చేసిపెట్టింది నేనే, దాచడానికేముంది? కాలేజీ గడప తొక్కకుండా చూసి చూసి పని నేర్చినవాణ్ని. కాబోయే ఇంజనీర్లు నా ముక్కలు పట్టుకుపోతుంటే లోపల పొంగిపోయేవాణ్ని.

ఒకరోజు సార్ షాపుకే వచ్చారు. నా పక్కన నిలబడి కాసేపు చూశారు.

"ఎడమ చేత్తోనా రాకేది?"

"అవ్ సార్."

"గదీ సంగతి. మా క్లాసుల సగం మంది ఎడమచెయ్యోళ్లయిండ్రు. గీ రోగం యాడికెల్లి అంటుకున్నదో చూద్దామని వచ్చిన."

నా ఆకురాయి గీతలు అందరివాటికీ ఎదురు వైపు వాలతాయని అప్పటిదాకా నాకే తెలియదు. తిడతారనుకున్నాను. "నీ చెయ్యి మంచిగున్నది. బుద్ధే వంకర. ఆదివారం వర్క్‌షాప్‌కు రా," అని వెళ్లిపోయారు.

ఆ రోజుతో నేను ఆ పని మానేశాను. షాపు మానలేదు.

ఆదివారాలు వెళ్లాను. సార్‌తో వేగడం మామూలు విషయం కాదు. నిలబడే తీరు దగ్గర్నుంచీ మార్పించారు. ఇనుప రజను నోటితో ఊదితే వేళ్ల మీద కొట్టేవారు: "కండ్లు పోతె కొత్తయి ఏ షాపుల చేయిస్తవ్?" చాయ్ గ్లాసు ఏనాడూ బల్ల మీద పెట్టనిచ్చేవారు కాదు. నెలల తరబడి రాకి రాకి చివరికి వెలుతురు చొరని ముక్క ఒకటి తెచ్చాను. తిప్పి తిప్పి చూసి నా చేతిలోనే పెట్టేశారు. చుక్క కొట్టలేదు.

"ఇంకేం తక్కువైంది సార్?"

"ముక్కకేం తక్కువ లేదు. పోరగాండ్ల ముందర నిలవడి చెప్పు, గవన్నీ నేనే చేసిన అని. గప్పుడు కొడుత."

"ఇజ్జత్ పోతది సార్."

"ఎవలిది? నీదా, వాళ్లదా?"

నాకు మండింది. "చేయించుకున్నోళ్లు ఇంజనీర్లయితరు, చేసిన నేను ముక్కు నేలకు రాయాల్నా?" అని అరిచాను.

సార్ చేతిలోని ఆకురాయిని గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టారు. "నేను చెప్పి చెప్పి అలిసిన రా. నాకు భయపడతరు గని ఇనరు. చేసినోడే వచ్చి చెప్తె మొఖం యాడ పెట్టుకుంటరు?"

అంత స్పష్టంగా అడిగారు. నేను మాత్రం ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టర్‌గా చేరి, షిఫ్టుల సాకు చెప్పుకుంటూ తిరిగాను.

సంతాప సభకు ఊర్జానగర్ కరెంటు ప్లాంటు నుంచి పాత విద్యార్థులు వచ్చారు, పెద్ద పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు. ప్రిన్సిపాల్ కాలేజీ చరిత్ర అంతా మరాఠీలో చదివారు. తర్వాత సార్ బీరువాలోంచి తెప్పించిన ఒక ముక్కను పైకెత్తి, "ఇదీ సార్ నేర్పిన పని, ఇదీ మన కాలేజీ విలువ," అన్నారు. అద్దంలా మెరుస్తోంది. ముందు వరుసకు వెళ్లి చూశాను. గీతలు ఎదురు వైపు వాలి ఉన్నాయి. మూలన చుక్క లేదు, చేయించుకొచ్చిందని పట్టేసి సార్ కొట్టలేదు. చుక్క పడ్డవన్నీ బీరువాలోనే ఉండిపోయాయి. అవి పిల్లలు సొంతంగా చేసినవి, మొద్దుగా, గాట్లు పడి ఉంటాయి. సభలో చూపించడానికి ఎవరికి పనికొస్తాయి?

"సార్, గది మీ స్టూడెంట్ చేసింది కాదు. నేను చేసిన, ఎదురుంగ లేత్ షాపుల. గసుంటియి శాన చేసిన. మా సార్‌కు ఎర్కే," అన్నాను. అదే మాట మరాఠీలోనూ చెప్పాను.

"బసా, బసా," అని ప్రిన్సిపాల్ చేత్తో కూర్చోమన్నారు. వెనక ఎవరో, "తాగొచ్చిండా ఏంది?" అన్నారు. కొందరు నవ్వారు. కొందరు తలలు దించుకున్నారు. రెండేళ్లు నానబెట్టిన మాట రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అడిగిన మనిషి వినడానికి లేడు. దీనికి నన్ను నేను ఎంత తిట్టుకున్నా తనివి తీరదు.

బయటికొచ్చేస్తుంటే ఒక అమ్మాయి వెనకే పరుగెత్తుకొచ్చింది. గోండ్‌పిప్రి పిల్లట, మొదటి ఏడాది.

"అన్నా, నాది గూడ లేత్ షాపుల చేయించిందే. ఇప్పుడున్నాయన చేసిచ్చిండు."

"అయితే?"

"వాపస్ ఇచ్చేస్త. నువ్వు ఒకటి మంచిగ చేసియ్యవా?"

నాకు తల పగిలిపోయినంత పనయింది. "ఇప్పటిదాక లోపల ఏం మొత్తుకున్న నేను? చెయ్య! నీకు చేతులు లేవా?"

"ఎవలు నేర్పుతరు మరి? సార్ లేడు గద."

నేను వెనక్కి తిరిగి వర్క్‌షాప్ వైపు నడిచాను. అటెండరు తాళం తీశాడు. పాత బల్లల మీద కొత్త కంప్యూటర్ల డబ్బాలు పేర్చి ఉన్నాయి. గొణుక్కుంటూనే ముగ్గురం దింపాం. ఇంకా రాకని ఒక పచ్చి ముక్క వెతికి, బల్లకున్న వైస్ పట్టులో బిగించాను.

"కాళ్లు ఎడం పెట్టు. ఇంకా. భుజంతోని తొయ్యి, మణికట్టుతోని కాదు."

మొదటి తోపుకే ఆకురాయి జారి కీచుమంది. ఆమె పళ్లు బిగబట్టి మళ్లీ తోసింది. మళ్లీ. కొత్త తెల్ల బూట్ల మీద ఇనుప రజను సన్నగా రాలుతోంది. ఆమె దులుపుకోలేదు.