పోలీసుకు చూపిన రెరా లైసెన్సు

స్థలాల ఏజెంటుగా ప్రభుత్వం ఇచ్చే రెరా రిజిస్ట్రేషన్ నాకు వచ్చిన కొత్త. తిరుపతిలో మా వీధి ఖాదర్‌బీ గారికి ప్లాటు చూపిద్దామని స్కూటీపై రేణిగుంట వైపు తీసుకెళ్తున్నాను.

"నిన్ను నమ్మొచ్చునా పాపా? గవర్నమెంటు కాగితం ఉండాదా?" దారంతా ఆమెది అదే అనుమానం.

ఇంతలో ట్రాఫిక్ పోలీసు ఆపి, "లైసెన్సు సూపించమ్మా" అన్నాడు.

అదే ధ్యాసలో ఉన్న నేను గర్వంగా రెరా సర్టిఫికెట్ అందించాను.

ఆయన అంతా చదివి, "ఇది స్థలాలు అమ్మేదానికమ్మా! బండి తోలేది యాడ?" అన్నాడు.

అది ఇంట్లోనే మరిచిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఖాదర్‌బీ గారు మాత్రం నవ్వుతూ బండి దిగారు. "పోలీసాయనే సదివి సెప్పినాడు గదా, ఇంకేం అనుమానం! పా, ఆటోలో పోదాం."

జరిమానా పడితే పడింది గానీ, నా తొలి బేరం కుదిర్చింది ఆ పోలీసే!