వీరబ్రహ్మం దిద్దిన టైము

రాజమండ్రిలో నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన వీరబ్రహ్మానికి, చూపు మందగించి కొట్టు మూసేశాక, కూతురు శ్రీదుర్గ ఇంటి హాల్లో ఓ మంచం మిగిలింది. మంచానికెదురుగా పాత క్వార్ట్జ్ గోడగడియారం. అది పది నిమిషాలు ముందుండేది. ఆలస్యం కాకూడదని శ్రీదుర్గే అలా పెట్టుకుంది. ఇంట్లో అందరూ పది తీసేసి లెక్క చూసుకునేవారు. తప్పు టైము ఎదురుగా బతకడం ముసలాయనకి పరువు తక్కువగా ఉండేది. ఆయన పరువెవరడిగారు?

మనవరాలు వర్షిణికి ఇంజనీరింగ్ ఎంట్రన్స్ రేపనగా గడియారం ఆగిపోయింది. సెల్లు మార్చినా కదల్లేదు.

"పారేసి కొత్తది కొనుక్కుందాం నాన్నా," అంది శ్రీదుర్గ.

ఆయనకి రోషమొచ్చింది. కంటికి భూతద్దం బిగించి, ఇంకో పాడైన గడియారంలోని క్వార్ట్జ్ ఊడదీసి దీనికి అతికించాడు. చదువుకుంటున్న పిల్లని పిలిచి మరీ చూపించాడు.

"ఇంత రాయిముక్క! సెల్లు పవరు తగిలితే సెకనుకి ముప్ఫై రెండు వేల ఏడొందల అరవై ఎనిమిదిసార్లు వణుకుద్దమ్మా. చిప్పు దాన్ని సగం, మళ్లీ సగం, అలా పదిహేనుసార్లు చేస్తే ఒక్కటి మిగులుద్ది. ఆ ఒక్కదానికి సెకన్ల ముల్లు ఒక్కడుగు."

"ఇది రేపు అడగర్లే తాతయ్యా," అని వర్షిణి లేచిపోయింది.

ఆయన సెకనుతో సహా సరైన టైము పెట్టాడు. పది నిమిషాలు కలపలేదు, చెప్పనూ లేదు. ఎవరో ఒకరు కనిపెట్టి "ఎంత కరెక్టుగా ఉందో!" అనాలని ఆశ. ఆ ఒక్క మాటకి కక్కుర్తిపడ్డాడు.

పొద్దున్న తల్లీకూతుళ్లు గడియారం చూసుకుంటూ తయారయ్యారు. చూసిన ప్రతిసారీ మంచం మీద ఆయన మనసు పొంగింది.

"ఇంకా టైముంది, ఇంకో ఇడ్లీ తిను," అంది శ్రీదుర్గ.

తొమ్మిదింటికి పరీక్ష సెంటర్ గేటు మూసేశారు. వీళ్ల స్కూటీ చేరేసరికి ఆరు నిమిషాలు దాటింది. ఎంత ఏడ్చినా, వాచ్‌మన్ కాళ్లు పట్టుకోబోయినా తియ్యలేదు. ఏడాది చదువు గేటు బయటే ఆగిపోయింది.

ఇంటికొచ్చి శ్రీదుర్గ ఫోన్ని గడియారం పక్కన పెట్టి చూసింది.

"నాన్నా, టైము మార్చావా?"

"సరిగ్గా పెట్టానమ్మా. సెకను కూడా తేడా లేదు," అన్నాడు. అన్నాక గాని ఆయనకి అర్థం కాలేదు.

వర్షిణి స్టూలు లాక్కుని ఎక్కి, ముల్లు పది నిమిషాలు ముందుకి తిప్పి, దిగింది. నలిగిన హాల్‌టికెట్ ఇంకా చేతిలోనే ఉంది.

"ఇప్పుడు చూడు తాతయ్యా," అంది. "ఎంత కరెక్టుగా ఉందో!"