చేతి వణుకుకు గ్రీన్ టీ

ఆ వీధిలో అందరూ ఆయన్ని మెత్తచెయ్యి అనే పిలిచేవారు. గడ్డం గీయించుకుంటూ ఆయన సెలూన్ కుర్చీలోనే గురకలు తీసినవాళ్లున్నారు.

అరవై దగ్గరపడుతుండగా కుడిచేతి వేళ్లు వణకడం మొదలైంది. మొదట దువ్వెన జారింది. చలికి అనుకున్నాడు. ఎండలు ముదిరినా వణుకు తగ్గలేదు. ఒకరోజు ఎన్నో ఏళ్లుగా వస్తున్న రిటైర్డ్ పోస్ట్‌మన్‌కి చెవి కింద కత్తి గాటు పడింది.

"పోనీలే బావా, నా చెవే కాస్త పెద్దది" అని పోస్ట్‌మన్ నవ్వేశాడు. మరుసటి నెల ఎదురు షాపు కుర్చీలో ఆయనే కనబడ్డాడు. మెత్తచెయ్యే ముందుగా తల తిప్పేసుకున్నాడు.

సంగతి తెలిసి భార్య తన చెల్లెలికి ఫోన్ చేసింది.

"బావగారికి గ్రీన్ టీ పట్టించక్కా. కొవ్వు కరుగుతుంది, గుండెకి మంచిది, నరాలు కూడా గట్టిపడతాయట."

ఆ 'అట' ఎక్కడిదని ఆమె అడగలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే ఒక గ్లాసు, మధ్యాహ్నం షాపుకి ఫ్లాస్కునిండా, రాత్రి పడుకోబోయే ముందు ఇంకొకటి.

"గడ్డి కడిగిన నీళ్లలా ఉందే!"

"మందు తియ్యగా ఉంటుందా ఏంటి? మింగండి."

ఆయన తాగుతున్నంతసేపూ ఆమె ఆ వేళ్లనే చూసేది. "ఇవాళ కాస్త నయమే కదూ?" అనేది. "ఆఁ, నయమే" అంటూ ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకునేవాడు.

ఎంతకీ తగ్గక ఆసుపత్రికి వెళ్లారు. నరాల జబ్బన్నాడు డాక్టరు. మాత్రలతో కొంత అదుపులో ఉంటుంది, పూర్తిగా పోదన్నాడు. ఆమె గ్రీన్ టీ మాట ఎత్తింది.

"ఒకటి రెండు కప్పులు తాగితే గుండెకి మంచిదేనమ్మా. ఈ వణుక్కి మాత్రం పనిచెయ్యదు. కాఫీలో ఉండే కెఫీనే అందులోనూ కాస్త ఉంటుంది. ఎక్కువైతే వణుకు పెరగొచ్చు కూడా."

"మరి నేనేం ఇవ్వాలి డాక్టరుగారూ?"

డాక్టరు మందుల చీటీ ఆమె చేతికిచ్చాడు. "మాత్రలు వేళకివ్వండి" అన్నాడు.

"మంచి చేద్దామని నేనే పెంచానేమోనండీ" అంది దారిలో.

"నీ టీకి అంత సీన్ లేదులే" అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

మాత్రలతో కాస్త నెమ్మదించింది. కత్తి పట్టేంత కాదు. షాపు ఇంకొకరికి అప్పగించేశాడు.

ఇప్పుడు ఆయన గడ్డం ఆమే గీస్తుంది. వంటింటి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, "చర్మం లాగిపట్టు... పైనుంచి కిందికి... భయపడకు" అని చెబుతుంటాడు. దవడ కింద కొంత ఎప్పుడూ మిగిలిపోతుంది. ఆయన తడిమి చూసుకుని, "బాగా చేశావే" అంటాడు. ఆమె బ్లేడు కడుగుతూ ఆయన ఒళ్లోని చేతివైపు చూస్తుంది. అది ఆగదు.