క్యాలెండరులో 4.35

దయ్యాలను నమ్మేవాళ్లతో వాదించి గెలవడం నాకు మొదటినుంచీ సరదా. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. లెక్క తేలని మాట నా ముందు చెల్లదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మా నాయన ఆళ్లగడ్డలో బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. బయలుదేరిన టైము, చేరిన టైము రాసుకునే అలవాటు మాత్రం ఉద్యోగంతో పోలేదు. ఎవరైనా ఇంటికి వస్తున్నారంటే, గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో పెన్సిలుతో టైము రాసేవాడు. మనిషిని కళ్లారా చూశాకే పక్కన టిక్కు పెట్టేవాడు.

నేను బెంగళూరులో ఉంటాను. ఓర్వకల్లుకు విమానాలు మొదలైనప్పటినుంచీ మా ఇద్దరికీ ఒకటే తగువు. గంట ప్రయాణం అంటాను నేను. ఆయన ఒప్పుకోడు.

"గాల్లో గంటేమ్మా. ఇంటికాడి నుంచి ఆడికి రెండు గంటలు, ఆడ కూచునేది గంటన్నర, దిగినాక పాణ్యం, నంద్యాల దాటి రావల్ల. అదంతా ఎవురి లెక్కలో రాస్తావ్?"

పోయినేడు ఆయనకు జబ్బు ముదిరింది. ఒకరోజు పొద్దున ఏడింటికి ఫోన్ చేశాడు. గొంతు పీలగా ఉంది.

"ఏడున్నర బస్సుకు రా. విమానం వద్దు."

నాకు ఒళ్లు మండింది. "రెండింటికల్లా నీ ముందుంటా నాయనా. కావాలంటే రాసిపెట్టుకో" అన్నాను.

విమానం బెంగళూరులోనే రెండు గంటలు ఆలస్యమైంది. ఓర్వకల్లులో దిగి కారెక్కితే పాణ్యం దగ్గర టైరు పోయింది. స్టెప్నీలోనూ గాలి లేదు. ఆ రోడ్డు పక్కన నిలబడి ఉండగానే, మూడింటికి అన్న ఫోన్ చేశాడు. నాయన పోయాడు.

ఏడున్నర బస్సెక్కి ఉంటే రెండున్నరకు చేరేదాన్ని.

ఇంటి ముందు దిగగానే అన్నకు ఫోన్ చేశాను. ఆ కాల్ టైము నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. 4.35.

మర్నాడు సమాధి చేసి వచ్చాక క్యాలెండరు వైపు చూశాను. ముందురోజు గడిలో నా పేరు, పక్కన 4.35. ఎవరు రాశారని వదినను నిలదీశాను.

"నిన్న పొద్దున నీతో మాట్లాడి ఫోన్ పెట్టేసినాక మామే రాసినాడు. నేనే దింపి చేతికిచ్చినా. రెండు గంటలని కదా చెప్పిందీ అంటే, 'అది చెప్పేది రెండు, వచ్చేది ఇది' అన్న్యాడు. నా మీద అరుస్తావేందీ?"

వదిన అబద్ధమాడే మనిషి కాదు. ఆడినా, నాలుగును పైన మూయకుండా రాసేది మా ఇంట్లో నాయన ఒక్కడే.

డ్రైవరు కదా, ఆలస్యం ఊహించి ఉంటాడని నాతో నేనే వాదించుకున్నాను. టైరు కూడా ఊహించాడనుకుందాం. నిమిషాలు కలిసొచ్చాయనుకుందాం.

4.35 పక్కన టిక్కు ఉంది. ముందురోజు పొద్దున తను క్యాలెండరును తిరిగి గోడకు తగిలించినప్పుడు అది లేదంటుంది వదిన.

దాని మీద మాత్రం నేనింకా వాదనకు దిగలేదు.