గ్రాములక్క, తొమ్మిది పళ్లేలు

"వండేటప్పుడు రుచి చూస్తావా?"

పనికి వచ్చిన రోజు డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఇరవై రెండేళ్లు హాస్టల్ వంటశాలలో గరిటె తిప్పిన మనిషికి అది అవమానంలాగే తోచింది.

"చూడకుండా ఎలా వండుతారమ్మా?"

"ఇక్కడ చూడకూడదు. నువ్వు చెంచాడు మింగితే, ఆ చెంచాడు నా లెక్కలో ఇంకెవరో తిన్నట్టు పడుతుంది."

వంటావిడ సరేనంది. ఇంటాయన సైకిల్ రిపేరు షాపు మూతపడి ఏడాది దాటింది. ఇంట్లోకి రావలసిన జీతం ఇక ఆమెదొక్కటే. ఈ ఎనిమిది వారాల పని సవ్యంగా ముగిస్తే, తర్వాత మొదలయ్యే పెద్ద పరిశోధనలో ఏడాది పాటు ఉద్యోగం ఇస్తామన్నారు.

వంటగది వైద్య కళాశాల వెనక ఉంది. ఒకప్పుడు ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన గది. సగం ఎత్తు దాకా తెల్ల పలకలు, ఆపైన పెచ్చులూడిన సున్నం. నాలుగు పొయ్యిలు, ఒక స్టీలు బల్ల, దాని మీద గాజు మూత కింద ఒక్క గ్రాము తేడా కూడా పట్టే త్రాసు. పక్క గదిలో పొడవాటి బల్లలు. కుర్చీల వెనక ఒకటి నుంచి అరవై దాకా అంకెలు. పేర్లు పిలవకూడదు. ముప్పై మందికి రోజుకు రెండు పూటలా మాంసం, మిగతా ముప్పై మందికి అదే శక్తినిచ్చే చిక్కుడు గింజలు. మధ్యమధ్యలో రక్తపరీక్ష. రోజూ ఎర్ర మాంసం తింటే రక్తంలో కొవ్వు పెరుగుతుందా లేదా అన్నది తేలాలి.

మాంసం తింటేనే ఒంట్లో సత్తువని రొమ్ము విరుచుకునేవాళ్లూ, మానేస్తే చాలు నూరేళ్లు గ్యారంటీ అని ఉపదేశాలిచ్చేవాళ్లూ ప్రతి వీధిలోనూ ఉంటారు. ఈ రెండు పక్షాల్లోనూ త్రాసు పట్టినవాళ్లు కనిపించరు. పోనీ జనాన్నే అడుగుదామంటే, ఏం తిన్నారంటే తిన్నది చెప్పరు. ఏం చెబితే మర్యాదగా ఉంటుందో అది చెబుతారు. అందుకే డాక్టరమ్మ అడగడం మాని, వండి పెట్టి తూచడం మొదలుపెట్టింది.

మొదటి వారం తిరగకుండానే వంటావిడకు పేరు పడింది.

"అక్కా, ఇంకో ముక్క వెయ్యి."

"నూటయాభై గ్రాములు అయిపోయింది."

"మీ ఇంట్లో పెళ్లికి కూడా ఇలాగే వడ్డిస్తావా, గ్రాములక్కా?"

"నువ్వు రాకుండా ఉంటే అక్కర్లేదు."

ఆ వారమే ఒక తంటా వచ్చింది. ఎముక లేని మాంసం దూదిలా ఉందని జనం అలిగారు. ఏడుగురు రావడం మానేశారు. డాక్టరమ్మ తలపట్టుకుని, రెండో వారం నుంచి ఎముకతో వండమంది. లెక్క సులువే: పళ్లెం పెట్టేటప్పుడు ఒక తూకం, తిన్నాక మిగిలిన ఎముకలది ఒక తూకం. తేడా ఎంతో అంత మాంసం తిన్నట్టు. మానేసినవాళ్లు తిరిగొచ్చారు. పళ్లెంలోంచి పోయినదంతా కడుపులోకే పోతుందని చదువుకున్నవాళ్లందరూ నమ్మారు. ఎముకలు ఎత్తి పారబోసే మనిషి మూడో వారంలో నమ్మడం మానేసింది.

నోట్లో పెట్టిన ఎముక వేరు, చేత్తో ఒలిచిన ఎముక వేరు. తిన్నవాడు కొసలు కొరుకుతాడు, మూలుగ పీల్చేస్తాడు. ఎముక నున్నగా మెరుస్తుంది. ఒలిచినవాడి ఎముక మీద పొరలు చీలికలు చీలికలుగా వేలాడతాయి, మూలుగ ఎక్కడిదక్కడే ఉంటుంది. హాస్టల్లో వేలమంది ఎంగిలి ఎత్తిన కళ్లకు ఈ తేడా తెలియడానికి పరికరం అక్కర్లేదు. ఎవరికీ చెప్పకుండా ఆమె అనుమానం వచ్చిన పళ్లేల ఎముకలను కవర్లలో కట్టి, అంకె రాసి, ఫ్రీజర్‌లో అడుగున పెట్టడం మొదలుపెట్టింది.

నాలుగో వారం రక్తపరీక్షల ఫలితాలొచ్చాయి. రెండు గుంపులకూ తేడా లేదు. డబ్బు పెట్టింది మాంసం ఎగుమతి చేసే ఒక కంపెనీ, వాళ్లు పొంగిపోయారు. ఎవరు చెప్పారో, పేపర్లో "మాంసంతో ముప్పు లేదు" అని పడనే పడింది. వీధి చివరి మాంసం కొట్టాయన ఆ ముక్క కత్తిరించి త్రాసు పైన అంటించుకున్నాడు.

అయిదో వారంలో ఆమె పన్నెండో నంబరు పక్కన కూర్చుంది. ఇస్త్రీ దుకాణంలో పని చేసే మనిషి.

"వదినా, పంటి నొప్పా?"

"లేదే. ఏం?"

"మూలుగంతా వదిలేస్తున్నావు."

ఇస్త్రీ ఆవిడ అటూ ఇటూ చూసి ఒళ్లో సంచీ కాస్త తెరిచింది. లోపల ప్లాస్టిక్ డబ్బా. "ఇంట్లో ఇద్దరు పిల్లలు, మా మరిది. వాళ్లు మొహం వాచి ఉంటే నేనొక్కదాన్నే ఇక్కడ కూర్చుని మెక్కమంటావా?"

"తింటానని సంతకం పెట్టావు కదా."

"నేను పెట్టాను. మా పిల్లలు పెట్టలేదుగా."

"మీ మరిదికేం? పని చేస్తాడుగా?"

"చేస్తాడు. పాపం వాడూ ఇక్కడికే వస్తాడు. నలభై ఒకటో నంబరు. చిక్కుళ్లు తినలేక చచ్చిపోతున్నాడు."

నలభై ఒకటి చిక్కుడు గుంపు! మాంసం గుంపు మాంసం డబ్బాలో ఎక్కి చిక్కుడు గుంపు కడుపులో దిగుతోంది. రక్తంలో తేడా ఎక్కడినుంచి వస్తుంది?

ఇదంతా కన్నతల్లి త్యాగమని కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. అయిదో నంబరు వాచ్‌మన్ తన ముక్కల్ని రోడ్డవతలి హోటల్‌కి అమ్ముకుంటున్నాడని ఆ వారమే బయటపడింది. "నా వాటా నా ఇష్టం" అన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

ముందు లెక్కలాయనతో చెప్పింది. తూకాల పట్టికలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి.

"అక్కా, ఊరుకో. ఇంకా మూడు వారాలే. అంకెలు చక్కగా కుదిరాయి."

"అంకెలు కుదిరాయి బాబూ, తిండే కుదరలేదు."

"ఇది ఆగిపోతే ముందు పోయేది నీ ఉద్యోగమే. ఆ ఏడాది పని కూడా పోతుంది. తెలుసా?"

తెలుసు. ఇంట్లో కూడా ఆ మాటే వచ్చింది. "నీ పని వండటం. మిగతాది వాళ్ల నెత్తిమీద రాత" అన్నాడు ఇంటాయన.

"వండటానికైతే ఎవరైనా దొరుకుతారు. నన్ను పెట్టుకుంది తూచడానికి" అంది.

మర్నాడు కవర్లు తెచ్చి స్టీలు బల్ల మీద పరిచింది. డాక్టరమ్మ ఒక్కో ఎముకా తిప్పి చూసింది.

"ఎంతమంది?"

"ముప్పైలో తొమ్మిది."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు అనుమానమేనమ్మా. దాన్ని తూకం వేయలేం కదా."

డాక్టరమ్మ ఎముకల మాట మీద ఆగలేదు. అందరి దగ్గరా రోజు పొడుగునా పట్టి ఉంచిన మూత్రం డబ్బాలు చలిపెట్టెలో ఉన్నాయి; ఖర్చు ఎక్కువని పరీక్ష చివరికి వాయిదా వేశారు. మాంసం తిన్న ఒంట్లోంచి నత్రజని ఎక్కువగా బయటికి వస్తుంది. పరీక్ష చేయిస్తే తొమ్మిదిలో ఎనిమిది మందికి ఉండవలసినంత లేదు. తొమ్మిదో మనిషి నిజంగానే తింటున్నాడు. కట్టుడు పళ్లు కాబట్టి చేత్తో ఒలుచుకుంటున్నాడు. గ్రాములక్క ఆయన దగ్గరికి వెళ్లి క్షమించమంది. చిక్కుడు గుంపులో నలుగురి నత్రజని మాత్రం మాంసం గుంపును మించిపోయింది. నలభై ఒకటో నంబరుదే అన్నిటికంటే ఎక్కువ.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అంది డాక్టరమ్మ.

"తెలియకపోతే మీకే బావుండేది కదమ్మా."

"బావుండేది" అని ఒప్పుకుని, కంపెనీకి ఉత్తరం రాయడానికి కూర్చుంది.

ఆరో వారం చివర వంటగదికి తాళం పడింది. ఏడాది ఉద్యోగం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎముకతో వడ్డించి పళ్లెం తూచినంత మాత్రాన తిన్నట్టు కాదని డాక్టరమ్మ రెండు పేజీల వ్యాసం అచ్చువేసింది. పేపర్లో దాని గురించి ఒక్క ముక్క రాలేదు. కొట్టాయన కాగితం తీసేయలేదు.

గ్రాములక్క ఇప్పుడు నర్సుల హాస్టల్లో వండుతోంది, తక్కువ జీతానికి. ఇంతకీ మాంసం మంచిదా చెడ్డదా తేల్చి చెప్పమని అక్కడి పిల్లలు ప్రాణం తీస్తే, "నాకు తెలియదమ్మా. తెలిసేలోపల ఆగిపోయింది" అంటుంది. ఆ మాట చెప్పడానికి ఆమెకు నామోషీ లేదు.

ఒప్పందంలో "పూర్తయిన పరిశోధనకు" అని ఉందనీ, ఇది పూర్తి కాలేదనీ కంపెనీ చివరి వాయిదా డబ్బు ఆపేసింది. జీతాల సంగతి కంపెనీని అడగమంటుంది కళాశాల ఆఫీసు. కళాశాలను అడగమంటుంది కంపెనీ. ఆ వంటగదిలో చేసిన నెలన్నర పనికి ఆమెకు ఇరవై ఏడు వేలు ఇంకా రావాలి.