డాష్‌బోర్డుకు బొగ్గు తొడుగు

ఇదొక వీరగాథ. ఇందులో అగ్ని ఉన్నది, ఖడ్గం ఉన్నది, విషవాయువు ఉన్నది, తండ్రీకొడుకులు ఒకే రథమెక్కి దూరదేశం పోవుడు ఉన్నది. అంత ఆశపడకండి. అగ్ని అంటే మా అక్క హెయిర్ డ్రయ్యర్. ఖడ్గం అంటే బ్లేడు. రథం అంటే మా మామ వాడి వాడి మాకు తోలిన పాత కారు. ఆ కారు లోపలి ప్లాస్టిక్‌కు నేను స్టిక్కర్ వేసిన సంగతి, అంతే. విషవాయువు మాత్రం నిజమే. దాని కాడికి వస్త.

బాపు గోదావరిఖనిల ముప్పై ఏండ్లు బాయి పని చేసిండు. బాయి అంటే మా దగ్గర నీళ్లది కాదు, బొగ్గుది. ఊపిరితిత్తులు చెడినై. కొత్తగూడెంల మెడికల్ బోర్డుకు రమ్మని తేదీ వచ్చింది. బోర్డు అన్‌ఫిట్ అంటే బాపు ఇంట్ల కూసుంటడు, ఆయన జాగల నాకు నౌకరి. ఫిట్ అంటే ఆ ఊపిరితోనే మళ్ల దిగాలె. ఆ వారం మా క్వార్టర్‌కు వచ్చినోళ్లందరు "ఫికర్ చెయ్యకు, అన్‌ఫిట్టే వస్తది" అని దీవించి, చాయ తాగి పోయిండ్రు. మనిషి పాడైండని రాసిస్తే మిఠాయి పంచే కాలనీ మాది.

పక్క క్వార్టర్ కాక సలహాలు పట్టుకొని వచ్చిండు. "అన్నా, గడ్డం గీకకు. షర్టు ఇస్త్రీ చెయ్యకు. లోపలికి పొయ్యేటప్పుడు జర మెల్లగ నడువు."

"జోరుగ నడువస్తే నేనే మీ ఇంటికి వద్దును గదరా" అన్నడు బాపు. కాక ఇల్లు ఇరవై అడుగుల దూరం.

బాపు గడ్డం గీసుకున్నడు. తెల్ల షర్టు ఇస్త్రీ చేయించిండు. డ్యూటీ లేనప్పుడు ఆయన తెల్లది తప్ప వేరే రంగు తొడగంగ నేను చూడలె. చిక్కు అక్కడే వచ్చింది. రామగుండం ఎండకు మా కారు డాష్‌బోర్డు కరిగి బెల్లం పాకం లెక్క అయింది. చెయ్యి ఆనితే నల్లగ అంటుకుంటది. కొత్తగూడెం ఐదారు గంటల తొవ్వ. బస్సుల బాపు కూసోలేడు. కార్ల పోతే షర్టు ఆగమైతది. డిగ్రీ అయిపోయి, మూడేండ్ల నుంచి పోటీ పరీక్షలకు చదువుతున్నట్టు నటిస్తున్న నేను, ఆ షర్టును కాపాడే బాధ్యత నెత్తికెత్తుకున్న.

ఫోన్ల నాలుగు వీడియోలు చూసిన. చౌరస్తా కాడ షాపుల స్టిక్కర్ రోల్ తెచ్చిన. బోర్డుకు ముందురోజు పొద్దున మొదలుపెట్టిన. కింద ఒక్క రేణువు ఉన్నా పైన మొటిమ లెక్క లేస్తది, స్పిరిట్‌తోని మంచిగ తుడువాలె అన్నరు వీడియోల. గోదావరిఖనిల రేణువు లేకుంట ఏదన్న అతకాలంటే ముందు ఊరు మారాలె. ఆరుసార్లు తుడిచిన, ఆరుసార్లూ గుడ్డ నల్లగనే వచ్చింది. ఇట్ల కరిగిన ప్లాస్టిక్‌కు స్టిక్కర్ నిలవదని, మూలలకు కొంచెం పూయమని షాపాయన ప్రైమర్ అనే జిగురుమందు డబ్బా ఇచ్చిండు. నేను అంతటా పూసిన. కొంచెంతోని ఆగుడు మా ఇంటా వంటా లేదు. అక్క హెయిర్ డ్రయ్యర్‌తోని స్టిక్కర్‌ను వేడిచేసి సాగదీసి అతికిచ్చి, అంచులు బ్లేడుతోని కోసిన.

సాయంత్రం బాపు వచ్చి చూసిండు. నల్లటి అల్లిక లెక్క నిగనిగ మెరుస్తాంది.

"ఏందిరా ఇది?"

"కార్బన్ ఫైబర్ డిజైన్ బాపూ."

"కార్బన్ అంటే?"

"అంటే... బొగ్గే."

"ముప్పై ఏండ్ల సంది బొగ్గు ఇంట్లకు రావద్దని గడప బయట్నే కాళ్లు కడుక్కుంటున్న. నువ్వు పైసలు పెట్టి కొనుక్కొచ్చినవా?"

అమ్మ తొంగిచూసింది. "గింత మెరిస్తే డాక్టర్లు కారు జూసి ఫిట్ అని రాస్తరు గదరా!"

"వాళ్లు చూసేది కారు ఊపిరితిత్తులు కాదమ్మా" అన్న. అందరం నవ్వినం. బాపు గూడ నవ్విండు, తర్వాత దగ్గిండు.

తెల్లారి బాపు, నేను బయల్దేరినం. ఎండ ఎక్కినకొద్ది డాష్‌బోర్డుల నుంచి ఆ ప్రైమర్ వాసన లేచుడు మొదలైంది. ఏసీ పెడితే వాసన లోపల్నే తిరుగుతాంది. అద్దాలు దించితే బొగ్గు లారీల దుమ్ము. మంథని దాటకముందే బాపుకు దగ్గు పట్టుకున్నది. ఆపుకోవడానికి రెండు చేతులు డాష్‌బోర్డు మీద ఆనిచ్చి ముందుకు వంగిండు. షర్టుకు ఒక్క మచ్చ అంటలె. నా పనితనం అంత గొప్పది.

భూపాలపల్లి కాడ కారు పక్కకు ఆపిన. ఆయన పెదవులు నీలంగ అయినై. "బాపూ, ఈడ్నే దవాఖానకు పోదాం. బోర్డు పోతే పోనీ" అన్న.

ఆయన ఊపిరి కూడగట్టుకోవడానికి టైం పట్టింది.

"నడు" అన్నడు. "గిట్లనే పోవాలె. ఇంతకన్న మంచి దగ్గు మళ్ల దొరకదు."

నేను నడిపిన. అద్దాలు దించుకొని, లారీల వెనక, మిగిలిన తొవ్వంత నడిపిన. పక్కన ఆయన దగ్గుతనే ఉన్నడు. కొత్తగూడెంల ఇద్దరు పట్టుకొని లోపలికి తీసుకపోయిండ్రు.

అన్‌ఫిట్ వచ్చింది. అమ్మ కాలనీల మిఠాయి పంచింది. బోర్డు దగ్గు చూసి రాయదు, ఎక్స్‌రే చూసి రాస్తది. ఈ మాట నాకు నేను శానాసార్లు చెప్పుకున్న. ఎన్నిసార్లు చెప్పినా వినేటోడు చెప్పేటోణ్ణి జర అనుమానంగనే చూస్తడు.

ఆ తొవ్వల మొదలైన దగ్గు ఇంటికొచ్చినా తగ్గలె. వానకాలం ఒడవకముందే బాపు పోయిండు. ఊపిరితిత్తులు ఎప్పుడో అయిపోయినై, ఇవాళ కాకుంటే రేపు అన్నడు దవాఖానల డాక్టర్. స్టిక్కర్ సంగతి నేను ఆయనకు చెప్పలె. అమ్మ గూడ ఎన్నడూ ఎత్తలె.

ఇప్పుడు ఆ కార్లనే డ్యూటీకి పోతున్న. ఫస్ట్ షిఫ్టు. స్టిక్కర్ ఇంకా గట్టిగనే ఉన్నది, ఒక్క మూల గూడ లేవలె. మొన్న డిక్కీ కడుగుతుంటే ప్రైమర్ డబ్బా దొరికింది. పూసినంక తలుపులన్ని తెరిచి, రెండు రోజులు గాలికి ఆరబెట్టాలె. డబ్బా వెనక రాసే ఉన్నది.