పద్మా బజారు బుట్ట

ఆదోనిలో పద్మా బజారు తెరిచిన ఏడు, తెలుగు పండితుడు భీమసేనరావు లక్ష్మప్ప కిరాణా అంగడి ముందు నిలబడి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. బస్తా అడుగున ఉన్న బెల్లం చూపించమంటే లక్ష్మప్ప, "సూసేదానికేముంది అయివారూ, బెల్లం బెల్లమే" అన్నాడు. అంతే. మనిషి తనకు కావలసింది తన చేత్తో ఏరుకునే కాలం వచ్చిందనీ, మళ్లీ ఈ అంగడి మెట్టెక్కితే తన పేరు భీమసేనరావే కాదనీ నలుగురూ వినేలా చెప్పి, బెల్లం లేకుండానే ఇంటికి వెళ్లాడు. ఆయన తరగతిలో చెప్పిన పాఠం ఒక్కటీ ఊరికి ఇంతగా గుర్తుండలేదు.

పద్మా బజారు రెండంతస్తులు. కింద సరుకులు, పైన బట్టలు, స్టీలు సామాను. నున్నటి గచ్చు చూసి జనం చెప్పులు గుమ్మం దగ్గరే విడిచేవారు. చేతికి తీగ బుట్ట ఇచ్చాక ఇక ఎవరూ "ఏం కావల్ల" అని అడగరు. బడి వదలగానే భీమసేనరావు వచ్చి, ఫ్యాను కింద నిలబడి, డబ్బాల మీద రాసిందంతా చదివేవాడు. అక్షరదోషం దొరికితే ఆ సాయంత్రం ధన్యమైనట్టే. చివరికి ఒక సబ్బు బుట్టలో వేసుకుని, బజారంతా కొన్నవాడిలా బయటికి వచ్చేవాడు.

ఊరు కూడా ఇంచుమించు ఆయనలాగే కొన్నది. ముందు పైఅంతస్తు మూతపడింది, తరువాత ఫ్యాన్లు ఆగాయి, ఎనభై మూడులో తలుపులే మూశారు. అందరికంటే ఎక్కువ బాధపడినవాడు భీమసేనరావే. తాను కొన్న సబ్బులు ఆ గచ్చు కడగడానికైనా చాలవని ఆయనకు తెలుసు. తెలిసినా బాధ తగ్గలేదు.

ఊళ్లో ఏ అంగడికి వెళ్లినా ఆ ఉపన్యాసం ఎత్తుతారని, అప్పటినుంచి సరుకులకు ఎమ్మిగనూరు బస్సెక్కేవాడు. అక్కడి పప్పు బాగా ఉడుకుతుందని భార్య ఇందిరాబాయికి చెప్పాడు. ఆ పప్పు ఆదోని నుంచే వస్తుందని అక్కడి అంగడివాడు అన్న సంగతి మాత్రం దాచుకున్నాడు.

ఒక ఏకాదశి సాయంత్రం ఇందిరాబాయి డబ్బా బోర్లించి చూపించింది. పెసరపప్పు లేదు. తెల్లవారితే ద్వాదశి పారణ. పెసరపప్పు లేకుండా ఆ ఇంట్లో ఉపవాసం విడిచిన రోజు లేదు. ఆ రోజేమో ఊరు బందు. బస్సుల్లేవు, అంగళ్లు లేవు. ఇంటి ముందుగదినే అంగడి చేసుకున్న లక్ష్మప్ప ఒక్కడే ఒంటి తలుపు తీసి ఉంచాడు.

"పోయి రాండి," అన్నది ఇందిరాబాయి.

"మరి నా మాటేం కావల్ల?"

"మీ మాటనే ఉడకేసి వడ్డించమంటారా?"

దారిలో తగిన సమాధానం ఒకటి కూర్చుకున్నాడు. ఖాళీ కడుపులో అది నిలవలేదు.

"రాండి రాండి అయివారూ," అన్నాడు లక్ష్మప్ప. "ఇంతకూ ఇప్పుడు తమరి పేరేందో?"

అరుగు మీది హమాలీలు నవ్వారు.

"ఏదో ఒకటి నువ్వే పెట్టప్పా. ముందు పెసరపప్పియ్యి."

లక్ష్మప్ప అటక మీదినుంచి ఒకటి దించి, ఉల్లిపొట్టు దులిపి ఆయన చేతికిచ్చాడు. తీగ బుట్ట. పద్మా బజారు సామాను అమ్మేసినప్పుడు ఉల్లిగడ్డలకని కొన్నాడట.

"ఇది పట్టుకోని లోపలికి రాండి. బస్తా అడుగు సూపియ్యలేదని కదా అలిగిపోయినారు? సూసుకోండి."

భీమసేనరావు అలవాటుగా చెప్పులు విడిచి మెట్టెక్కాడు. లోపల ఫ్యాను లేదు, చదవడానికి డబ్బాలు లేవు. బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగునుంచి గుప్పెడు తీశాడు. పైన ఉన్నట్టే ఉంది.

"ఎట్లుంది?"

"పప్పు పప్పే లక్ష్మప్పా," అన్నాడు, పొట్లం కోసం బుట్ట ముందుకు చాపి.